ఉల్లిగడ్డ పాఠం

మా సంస్థ చరిత్ర రాసిమ్మని మావాళ్ళు నా వెంటపడ్డారు. సావనీరు వేస్తారట. వాళ్ళకు కావలసింది ఎన్ని బడులు, ఎందరు పిల్లలు, ఎవరికి ఎక్కడ శాలువా కప్పారు. అవన్నీ రాసిచ్చేశాను. అందులో రాయని సంగతి ఒకటుంది. నా మటుకు మా సంస్థ నిజంగా మొదలైంది అక్కడే.

నేను ఆదోనిలో జూనియర్ కాలేజీ పిల్లలకు అర్థశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కేలా ఉందని, ఎమ్మిగనూరులో చేనేత చీరల దుకాణం నడిపే నా పాత శిష్యుణ్ణి కలుపుకుని ఈ సంస్థ పెట్టాను. పల్లె బడుల్లో వారానికో గంట అర్థశాస్త్రం చెప్పాలన్నది మా ఆలోచన. సోషల్ పుస్తకంలో ఉంది కదా మేడం, మళ్ళీ మీరెందుకు అని అడగనివాళ్ళు లేరు. ఉందయ్యా, ఉంది. పుస్తకంలో ఉన్నది పుస్తకంలోనే ఉంది. అదే నా బాధ.

నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. నందవరం వైపు ఒక ఊరి హైస్కూలు హెడ్మాస్టరు చుట్టూ నెలల తరబడి తిరిగి, శనివారం చివరి పీరియడు సంపాదించాను.

బడులు తెరిచాక మొదటి రెండు వారాలు గిరాకీ, సరఫరా అంటూ బోర్డు మీద గీతలు గీశాను. తొమ్మిదో తరగతి మొత్తం ఆవలించింది.

"ఆ గీతలు ఇడిసిపెట్టి ఉల్లిగడ్డ సంగతి సెప్పండి మేడం" అన్నాడు నాతోపాటు వచ్చిన నా చీరల శిష్యుడు.

చెప్పాను. పోయినేడు ధర బాగుందని ఈ ఏడు అందరూ ఉల్లి వేస్తారు, సరుకు ఎక్కువై ధర పడిపోతుంది, మరుసటేడు భయపడి మానేస్తారు, అప్పుడు ధర లేస్తుంది. తమ ఇళ్ళ సంగతి కదా, పిల్లలు నిటారుగా కూర్చున్నారు. అక్కడితో నేను ఊరుకోవచ్చు. ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పిన నోరు ఊరుకుంటుందా. "కాబట్టి ఈ ఏడు తెలివైనవాడు ఉల్లి వెయ్యడు" అనేశాను.

రెండో వరసలో కూర్చునే పిల్ల ఒకతె ఆ మాట ఇంటికి మోసుకుపోయింది. వాళ్ళ నాన్నకు మూడెకరాలు, ఒక బోరు ఉన్నాయి. కూతురి మాట విని ఆయన ఉల్లి మానేసి కొర్ర వేశాడు. ఆ ఏడు పై రాష్ట్రాల్లో వానలకు ఉల్లి చేలల్లోనే కుళ్ళిపోయింది. దాంతో మా వైపు ఉల్లికి ఎన్నడూ లేని ధర వచ్చింది. లారీలు చేనిగట్ల దాకా వచ్చి నిలబడ్డాయి. "ఏమప్పా, వచ్చే ఏడు ఏమెయ్యాలో నీ కూతుర్ని అడిగి మాగ్గూడా సెప్పు" అని ఊరంతా ఆయన్ను ఆటపట్టించింది.

దసరా సెలవుల తర్వాత ఆ పిల్ల శనివారాలు బడికి రావడం మానేసింది. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల మేడం? ఈ క్లాసు ఆపేద్దాం" అన్నాడు హెడ్మాస్టరు. నిజం చెప్పొద్దూ, నాకు ఏడుపొచ్చింది. బడి పోతే ఇంకో బడి దొరుకుతుంది. కానీ నేను ఇప్పుడు తప్పుకుంటే నా తప్పు ఆ పిల్ల నెత్తిమీదే ఉండిపోతుంది. ఒక్క వారం గడువడిగి, దారి కనుక్కుంటూ వాళ్ళ కళ్ళం దగ్గరికి నడిచాను.

వాళ్ళ నాన్న కొర్రలు ఎండబోస్తున్నాడు. తిట్టినంతసేపు తిట్టించుకుందామని నిలబడ్డాను. ఆయన తువ్వాలుతో ఒక రాయి దులిపి కూర్చోమన్నాడు.

"నష్టం మాకేం కొత్త గాదు మేడం. ఉగాదికి పంచాంగం సదివే అయ్య ఏ పంట పండుతాదో సెప్తాడు. ఎన్నితూర్లు తప్పలేదు? ఆయన్నెవురూ నిలేయరు. మళ్ళా ఉగాదికి పోయి ఆయన ముందరే కూసుంటాం. మీ మాట గూడా అట్లే ఇన్నా."

చెంపదెబ్బ కొట్టినా నాకు అంత తగిలేది కాదు. నేను అర్థశాస్త్రం చెప్పాననుకున్నాను. చెప్పింది పంచాంగం.

"నా బాధ అది గాదు" అన్నాడాయన. "పాప ముందు అదేంది, ఇదెందుకు అని నన్ను నిలువనిచ్చేది గాదు. ఇప్పుడు ఇంట్ల మాటే లేదు. నా వల్లే నాయన మునిగినాడని కుమిలిపోతాంది. పంట మీరు తెచ్చియ్యలేరు. నా బిడ్డ నోరన్నా తెరిపీండి."

"శనివారం పాపను పంపించన్నా" అన్నాను.

ఆయనే వెంటబెట్టుకుని వచ్చి, వరండాలో నిలబడ్డాడు. పిల్లల ముందు తప్పు ఒప్పుకుంటే టీచరుకు విలువేముంటుందని హెడ్మాస్టరు గొణిగాడు. లేకపోతే పోనీయండి అన్నాను. బోర్డు మీద పెద్దక్షరాలతో 'నేను చెప్పింది తప్పు' అని రాశాను. పక్క ఊళ్ళలో ఎంత వేశారో, పై రాష్ట్రాల్లో పంట ఎలా ఉందో ఏదీ కనుక్కోకుండా సగం పాఠంతో సలహా చెప్పానని, అది విన్నవాళ్ళ తప్పు ఏమీ లేదని చెప్పాను. ఆ పిల్ల తల ఎత్తలేదు. ఆమె నోరు తెరిచేదాకా ఆ గదిలోంచి కదలకూడదని తీర్మానించుకుని నేనూ కుర్చీలో కూర్చున్నాను. లాంగ్ బెల్ కొట్టారు. ఎవరూ లేవలేదు.

చివరికి ఆమే లేచింది.

"మేడం, ఆ పొద్దు మీరు మా ఊర్లో ఎవురినన్నా అడిగినారా, ఈ ఏడు ఉల్లి ఎంతమంది ఏస్తాండారని?"

"లేదమ్మా. అడగలేదు."

"అడక్కుండా ఎట్ల సెప్పినారు మరి?"

నాకు సిగ్గేసింది. అంతకు మించి సంతోషమేసింది. వెంటనే రెండో ప్రశ్న వేసింది. ఆ తర్వాత మూడోది. వరండాలో వాళ్ళ నాన్న తువ్వాలుతో ముఖం తుడుచుకుంటున్నాడు.