నాయన చల్లిన నీళ్లు

మొన్న మనవరాలి పరుగు పందెం చూడటానికి పైకప్పున్న స్టేడియానికి వెళితే, లోపల అడుగు పెట్టగానే చెప్పుల దుకాణంలో ఉండేలాంటి రబ్బరు వాసన ముక్కుకు కొట్టింది. మా కాలంలో పరుగంటే మట్టి వాసనే.

డెబ్బైల చివర్లో మా ఆళ్లగడ్డ మైదానానికి హద్దంటూ ఉండేది కాదు. మా అక్క మార్తమ్మ మడమలతో గుంటలు తవ్వుకుని, వాటిలో కాళ్లు తన్నిపెట్టి బయలుదేరితే, సున్నం గీత దాటాక కూడా ఆగకుండా పక్కనున్న జొన్నచేను దాకా పోయేది. పత్తిచేలో పని ముగించుకుని వచ్చిన నాయన, ఆదివారమైతే చర్చి నుంచి వచ్చి ఉగ్గాని తిన్న నాయన, బిందెతో నీళ్లు మోసుకొచ్చి ఆమె పరుగెత్తే బాట మీద చిలకరించేవాడు. దుమ్ము అణిగి, మట్టి కాలికి పట్టు ఇచ్చేది.

అక్క పదో తరగతిలో ఉన్నప్పుడు నంద్యాలలో పోటీలు పెట్టారు. గెలిస్తే కర్నూలులో హాస్టలు సీటు, పైచదువు. ఓడితే మాతో పాటు పత్తి తీయడమే. సరిగ్గా అప్పుడే ముసురు పట్టి మైదానం బురదైపోతే, పోటీలను ఒక పత్తి గోదాములోకి మార్చారు. వంద మీటర్లకు చోటు చాలక అరవైకి కుదించారు, గుండు విసరడం మానేశారు. ఎదురుగాలి లేదు, కాలు తన్నిపెట్టడానికి మట్టి లేదు. కింద నున్నటి సిమెంటు, దాని మీద దుమ్ము, చివర గోడ. పిల్లలు గుద్దుకోకుండా గోడకు పత్తి బేళ్లు ఆనించారు. ఈల ఊదితే రేకుల కింద చెవులు గింగురుమనేవి.

పందెం ముందు నాయన చెంబుతో నీళ్లు తెచ్చి, అక్క పరుగెత్తే వరస పొడుగునా చల్లాడు.

"దుమ్ము లేస్తాంది పాపా, కాలికి పట్టుండాల."

ఎవరూ వద్దనలేదు. ఆళ్లగడ్డ వాళ్లమంతా మంచి పనే చేశాడనుకున్నాం.

అందరికంటే ముందు పోతున్న అక్క సగంలో జారి పడింది. లేచి, కుంటుకుంటూ చివరన చేరింది. నాకు ఏడుపు ఆగలేదు. నాయన పరుగెత్తుకొచ్చాడు.

"నీళ్లకు జారితివామ్మా?"

"కాదు నాయనా. ఆ గోడను చూసి బెదిరినా."

ఆమె పరికిణీ ఒక పక్కంతా తడిసి ఉండటం నేను చూశాను. నాయన చూడలేదు. ఆ ఏడే అక్క పత్తిచేలోకి దిగింది. గోడలున్న చోట పందేలు పెట్టేవాళ్లకు బుద్ధి లేదని నాయన బతికినన్నాళ్లూ ఎదురైన ప్రతివాడితో వాదించేవాడు, పక్కనే ఉన్న అక్క తలూపేది.

ఇప్పుడు ఆ గోదాము లేదు, మా ఆళ్లగడ్డ మైదానం ఇళ్ల స్థలాలైంది. నాయన పోయి చాలా ఏళ్లయింది. ఈనాటికీ నేనడిగితే అక్క గోడ వల్లనే పడ్డానంటుంది.