కిటికీలు మూసిన మధ్యాహ్నం

2010లో అక్క ఏడో నెల కడుపుతో చిక్కడపల్లిలోని మా ఇంటికి వచ్చింది. ఆమె కోసం కాచిగూడలో కొన్న పాత మంచంలో నల్లులున్నాయని రెండో రోజుకే తెలిసింది. అక్క వీపంతా దద్దుర్లు. నారాయణగూడ నుంచి రావలసిన మందు కొట్టే మనిషి అనుకున్న రోజు రాలేదు. తీరా పగటి గ్రహణం రోజు పొద్దున వచ్చి, మంచానికీ గోడ పగుళ్లకూ పిచికారీ చేసి వెళ్లాడు.

గ్రహణమని అశోక్ నగర్‌లో నా కోచింగ్‌కు సెలవిచ్చారు. మాట తక్కువ, చేతికందిన ప్రతిదీ చదివే అలవాటు నాది. అతను వదిలేసిన డబ్బా మీది చిన్న అక్షరాలూ చదివాను. గదిని కొన్ని గంటలు తెరిచి ఉంచాలని, గర్భిణులు అందులోకి వెళ్లకూడదని ఉంది.

అప్పటికే అమ్మ అక్కను ఆ గదిలోనే పడుకోబెట్టి, కిటికీ సందుల్లో పాత చీర ముక్కలు కుక్కుతోంది. వెలుతురు పడకుండా మూయగలిగిన గది అదొక్కటే.

"అమ్మా, మందు వాసన..." అన్నాను.

"జర ఓర్సుకోవాలె. గ్రహణం మొర్రి వస్తే బిడ్డకు బతుకంత పరేషానే. నీ పుస్తకాలల్ల గా సంగతి రాయలేదా?"

అక్క నవ్వింది. "అది నోరు తెరిసిందే! ఇయ్యాల నిజంగనే గ్రహణమున్నది."

నేనూ నవ్వేసి ఊరుకున్నాను. డబ్బా మీద ఏముందో చెప్పలేదు.

మూడు గంటల తర్వాత తలుపు తీస్తే అక్క వాంతి చేసుకుని, తల పట్టుకుని కూర్చుంది. నాలుగో రోజు నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ దక్కలేదు. రక్తస్రావం ఆగక అక్కను ఐసీయూలో ఉంచారు.

మందు వల్లేనా అని డాక్టరమ్మను అడిగాను. "కావచ్చు, కాకపోవచ్చు. ఖచ్చితంగా చెప్పలేనమ్మా" అంది.

బిడ్డ పెదవి మీద చిన్న గీతైనా లేదు. అమ్మ గుడ్డ తొలగించి మళ్లీ మళ్లీ అదే చూసుకుంది.

అక్క ఇంటికొచ్చాక, డబ్బా సంగతి చెప్పి క్షమించమని అడగాలని వెళ్లాను. సంగతి మాత్రం చెప్పగలిగాను.

"నాకు గూడ ఊపిరాడలే" అంది అక్క. "కిటికీ తీద్దామని రెండు సార్లు లేచిన. బిడ్డకు ఏమన్న అయితదేమోనని మల్ల పండుకున్న."

అటు తిరిగి పడుకుంది. నేనడగాల్సింది అడగలేకపోయాను.