లెవెన్త్ కాదు, సెవెన్త్

ఐదేళ్ల లా కోర్సులో మూడో ఏడు పూర్తి చేసిన నవత వేసవి సెలవుల్లో ఆబిడ్స్‌లోని క్రిమినల్ లాయరు కమలకుమారి దగ్గర ఇంటర్న్‌గా చేరింది. తండ్రి గట్టయ్య ఊళ్లో వ్యవసాయ కూలీగా బతికి, నగరానికొచ్చి అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ అయ్యాడు. బిడ్డ కోర్టుకు పోతోందని లిఫ్టెక్కే ప్రతివాళ్లకూ చెబుతాడు. అక్కడ ఆమె చేసేది మాత్రం కాగితాలకు పేజీ నంబర్లు వేయడం, వాయిదా తేదీలు డైరీలో రాయడం.

ఆ రోజు జూన్ ఏడు. పొద్దున ఆఫీసులో కూర్చుని ఫోన్‌లో కేసుల జాబితా చూస్తుంటే వెంకటేశం పేరు కనిపించింది. వాయిదా ఈ రోజే. డైరీ తీస్తే తన చేతిరాతతోనే పదకొండు అని ఉంది. కిందటిసారి హాల్లో గోలలో కోర్టు గుమాస్తా ‘సెవెన్త్’ అన్నదాన్ని ‘లెవెన్త్’ అనుకుంది. వెంకటేశానికీ అదే చెప్పింది.

వెంకటేశం ఆటో డ్రైవరు, యాక్సిడెంట్ కేసులో ముద్దాయి. నిరుడు ఒకసారి వాయిదాకు రాకపోతే వారంటు పుట్టి, వాడకట్టంతా చూస్తుండగా పోలీసులు ఇంటికొచ్చారు. ఇంకోసారి ఊరుకునేది లేదని మేజిస్ట్రేట్ అప్పుడే చెప్పారు.

మూడుసార్లు ఫోన్ చేస్తే ఎత్తలేదు. నాలుగోసారి ఎత్తాడు.

“మేడ్చల్ కాడ ఉన్న మేడం. పదకొండు అన్నరు గద?”

“నా తప్పే అన్నా. ఈరోజే ఉన్నది. జల్ది రా.”

“మళ్ల వారంటొస్తదా?”

“ముందైతే బయల్దేరు అన్నా,” అంది.

విషయం విన్న కమలకుమారి కోప్పడలేదు. నవతను అదే మరింత భయపెట్టింది. “గైర్హాజరు మన్నించమని పిటిషన్ టైప్ చెయ్. కారణం ఏం రాయాల్నో నువ్వే ఆలోచించు. నేను చూసి సంతకం పెడ్త,” అంది.

ముప్పై ఏళ్లుగా ఆఫీసు పనులు చూస్తున్న క్లర్కు వామన్‌రావు పక్కకొచ్చి గొంతు తగ్గించాడు. “జ్వరమని రాయమ్మా. అందరు గట్లనే రాస్తరు.”

జ్వరం అని టైప్ చేసింది. ఇంకో రెండు గంటల్లో ఆ మనిషి ఖాకీ చొక్కాతో నిక్షేపంగా హాల్లోకి నడిచొస్తే? అబద్ధం తనది, జైలు అతనిది. ఆ మాట కొట్టేసి, తమ ఆఫీసు తేదీ తప్పుగా చెప్పడం వల్ల రాలేకపోయాడని రాసింది. ఆ వాక్యం కమలకుమారి పరువు తీసేదే. ఆమె రెండుసార్లు చదివి సంతకం చేసింది.

నాంపల్లి కోర్టులో కేసు పిలిచారు. మేజిస్ట్రేట్ పిటిషన్ చదివి తలెత్తారు. “తేదీ ఎవరు రాసుకున్నరు?”

“బాధ్యత నాదే సర్,” అంది కమలకుమారి.

వెనక వరుసలో నవత తనకు తెలియకుండానే లేచి నిలబడింది. మేజిస్ట్రేట్ ఆమె వైపు చూశారు. “కూర్చోండి. లంచ్ తర్వాత మళ్ల పిలుస్త. అప్పటికి రాకుంటే వారంటే.”

నవత అన్నం మానేసి గేటు దగ్గరే నిలబడింది. రోడ్డు మీద ప్రతి పసుపుపచ్చ ఆటో అతనిదే అనిపిస్తోంది, కానీ ఆగకుండా ముందుకు వెళ్లిపోతోంది. దారిలో ఆటో మొరాయించడంతో వెంకటేశం రెండుంపావుకు గానీ రాలేదు, చెమటలు కక్కుతూ దిగాడు. ఆమె ముఖం చూడకుండా మెట్లెక్కాడు. పేరు పిలిచినప్పుడు హాల్లో ఉన్నాడు. వారంటు తప్పింది.

కొత్త వాయిదా పడగానే కమలకుమారి నవతను కోర్టు గుమాస్తా బల్ల దగ్గరికి పంపింది. “చెవితోని వినుడు కాదు, కాగితం మీద చూసి రా.”

చూసి రాసుకుని వచ్చేసరికి వెంకటేశం వామన్‌రావుతో అంటున్నాడు. “ఇగ నాకు తారీఖు మీరే చెప్పున్రి సార్.” ఆ మాట వినబడేంత దగ్గర్లోనే ఆమె నిలబడి ఉంది.

అయినా వాయిదాకు రెండు రోజుల ముందు ఆమె ఫోన్ చేసింది.

“సార్ చెప్పిండు మేడం,” అన్నాడతను ముభావంగా.

“ఔ అన్నా. ఏ తారీఖో మీరు ఒకసారి నాకు చెప్పున్రి.”

అతను చెప్పాడు. ఆమె ఎదుట తెరచిన డైరీ మీద వేలు పెట్టుకుని విన్నది.