రెండో గేరు

ఎనిమిదేళ్లుగా నా కుడి అరచేతిలో ఒక బరువు ఉంది. దించుకోవడానికి చోటు దొరకలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెబుతున్నాను.

నేను బస్సుల షెడ్డులో ఫిట్టర్ని. చదివింది ఐదో తరగతి. లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. ఏ భాగమైనా కొలిచి, రాసుకుని, రెండుసార్లు సరిచూసుకుని గానీ బిగించను. అందరూ లెక్కల మేస్త్రీ అనేవారు. ఆ పేరంటే నాకు ఎంత ఇష్టమో అప్పట్లో నాకే తెలియదు.

అప్పుడు కడపలో పని. రాయచోటి బస్సుకు బ్రేకు డ్రమ్ములు అరిగిపోయాయి. కంపెనీవి మద్రాసు నుంచి రావాలంటే రెండు నెలలు. ఇక్కడ పోతపోసినవి సిద్ధంగా ఉన్నాయి. "ఏవి వేయాలో నువ్వే తేల్చు" అన్నాడు యజమాని. కొలిచాను. లోపలి వ్యాసం, వెడల్పు, మందం, అన్నీ సరిపోయాయి. తేడా ఒక్కటే. కంపెనీ డ్రమ్ముకు బయట చుట్టూ సన్నటి గట్లు ఉంటాయి. పోత డ్రమ్ము నున్నగా ఉంది. గట్లు అందానికేలే అనుకున్నాను. నిజంగా అలా అనుకున్నానా? అవెందుకో నాకు తెలియలేదు. తెలియదని చెప్పడం చేతకాలేదు. కమలాపురం వైపు చదునైన రోడ్డు మీద బస్సు నడిపించి, బ్రేకు వేసిన చోటు నుంచి ఆగిన చోటు దాకా అడుగులు లెక్కపెట్టాను. కంపెనీ డ్రమ్ములున్న బస్సుకు ఎన్నో దీనికీ అన్నే.

కానీ ఆ బస్సు రోజూ దిగాల్సింది గువ్వలచెరువు కనుమ.

డ్రైవరు మౌలాలి నాకంటే పదేళ్లు పెద్ద, కమలాపురం మనిషి. నాలుగో రోజు షెడ్డుకు వచ్చాడు. "ఏమప్పా లెక్కల మేస్త్రీ, కనుమ దిగేతలికి బ్రేకు శానా కిందికి పోతాండాది. డ్రమ్ము మీద నీళ్లు పోస్తే పెనం మాదిరి చుర్రుమంటాండాది."

"కొలతలన్నీ సరిగ్గా ఉండాయి మౌలాలన్నా. నీ కాలే ముసలిదయింటుంది" అన్నాను. ఆయనా నవ్వాడు.

మరో రెండు రోజులకు కనుమ మధ్యలో బ్రేకు పూర్తిగా నేలకు దిగిపోయింది. లోయ వైపు పోనివ్వకుండా ఆయన బస్సును కొండకేసి రాశాడు. ప్రయాణికులు చిన్న గాయాలతో బయటపడ్డారు. ముందు భాగం నలిగి ఆయన కుడి పాదం ఇరుక్కుంది.

తాళ్లతో ఇంకో బస్సు తీసుకుని మేం వెళ్లేసరికి ఆయన్ను ఆసుపత్రికి చేర్చారు. బస్సును వెనక్కి లాగాలంటే గేరు న్యూట్రల్లో ఉండాలి. నేనే ఎక్కాను. రాడ్డు పట్టుకున్నాను. రెండో గేరులో ఉంది. అంటే, ఇంజను పట్టు వదలకుండా, దిగాల్సిన తీరులోనే దిగుతున్నాడు. న్యూట్రల్‌కు తోశాను. పని కోసమే చేశాను. అంతవరకూ తప్పు లేదు.

ఆ రోజుల్లో పెట్రోలు మిగిల్చిన డ్రైవరుకు యజమాని బహుమానం ఇచ్చేవాడు. అందుకని చాలామంది వాలులో న్యూట్రల్ వేసి, భారమంతా బ్రేకుల మీదే పెట్టి బస్సును వదిలేసేవారు. మౌలాలి కనుమలో ఎన్నడూ ఆ పని చేయడని నాకు తెలుసు. మర్నాడు మోటారు ఇన్‌స్పెక్టరు వచ్చి రాడ్డు చూసి, దాన్ని తర్వాత ఎవరైనా కదిపారా అని అడక్కుండానే, "ఇంకేం, న్యూట్రల్లోనే ఉంది" అనుకుంటూ రాసుకున్నాడు. నేను పక్కనే గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాను. 'నేను మార్చాను సార్, రెండో గేరులో ఉండింది.' తర్వాత ఎన్నోసార్లు ఈ మాట పైకి అని చూశాను. నాలుగు సెకన్లు పడుతుంది. ఆ నాలుగు సెకన్లు నా దగ్గర లేవా? ఉన్నాయి. ఆ మాటంటే తర్వాతి ప్రశ్న డ్రమ్ముల మీదికి వస్తుంది.

మౌలాలి లైసెన్సు రద్దు చేశారు.

ఆసుపత్రికి వెళ్లాను. పాదం తీసేశారు. "ఏమప్పా, న్యూట్రల్లో దిగినానని అందరూ అంటాండారు. రెండో గేరు ఏసినట్టే నాకు గుర్తుండాది. బండి ఎక్కింది నువ్వే కదా. రాడ్డు యాడ ఉండె?"

"న్యూట్రల్లో ఉండె అన్నా."

"నువ్వు చూసినావంటే అంతేలేప్పా. నాకే మతి తప్పింటుంది."

ఇన్‌స్పెక్టరు ముందు ఊరకుండిపోయాను. ఈయనకు మాత్రం నోరు తెరిచి అబద్ధం చెప్పాను, ఆయన చేయి చేసిన పనిని ఆయనే నమ్మకుండా చేశాను. ఆ గట్లు డ్రమ్ము వేడిని గాలికి వదలడానికని అప్పటికి తెలిసింది. కంపెనీ డ్రమ్ములు రాగానే పోతవి విప్పేశాను. ఎందుకని ఎవరూ అడగలేదు. ఏడాది తిరక్కుండా కర్నూలు షెడ్డుకు మారాను. ఏ ఊరు మారితే ఏం? బస్సు ఎక్కి కూర్చుంటే కళ్లు గేరు రాడ్డు మీదికే పోతాయి.

మొన్న కడప బస్సులో పోతుంటే కమలాపురం దగ్గర ఆయన్ను చూశాను. ఎద్దుల బండి తోలుతున్నాడు. వంక దాటే చోట చిన్న వాలు, ఇరుకు దారి; మా బస్సు వెనకే నిలిచింది. ఆయన దిగి, కర్ర ఊతతో ముందు నడుస్తూ, ఎద్దుల పగ్గాలు పట్టుకుని బండిని దింపుతున్నాడు. బస్సులో ఎవరో నవ్వారు: "ఈ మిట్టకే భయపడతాండాడు సూడప్పా!" నేను ఆయన అడుగులు లెక్కపెట్టాను. నలభై ఒకటి. అలవాటు.

ఆ రోజు నేను తీసుకున్న టిక్కెట్టు కమలాపురానికే. అంతకు ముందు కూడా ఒకసారి అలాగే తీసుకున్నాను. రెండుసార్లూ దిగలేదు. మీకు చెబితే ఆయనకు చెప్పినట్టు కాదని తెలుసు. అయినా ఒక్కసారి ఉన్నది ఉన్నట్టు రాయనివ్వండి.

రెండో గేరులోనే ఉండింది మౌలాలన్నా. నీకు మతి తప్పలేదు. నేను మార్చాను.

రాశాను. చేయి కొంచెం తేలికైంది.