పాలు లేని బిస్కెట్లు, దొంగ పెరుగు

లాక్‌డౌన్ మొదలైన మూడో రోజున నేను జీవితాన్ని సరళం చేసుకోవాలని నిర్ణయించుకున్నాను. చేయడానికి వేరే పనేమీ లేకపోవడమే అసలు కారణం. గుంటూరులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను. కాలేజీ మూసేశారు. విశాఖపట్నం పోర్టులో పనిచేసే మావారు అక్కడే చిక్కుకుపోయారు. కంటి శుక్లం తీయించుకోవడానికి చీరాల అవతలి పల్లెటూరి నుంచి వచ్చిన మా అత్తగారు, ఆపరేషనయ్యాక బస్సులు ఆగిపోవడంతో నా దగ్గరే ఉండిపోయారు.

ఆవిడ మిషన్ బడిలో టీచరుగా చేసి రిటైరైన మనిషి. నెల రోజులపాటు వంగకూడదు, గట్టిగా దగ్గకూడదు, పొయ్యి దగ్గరికి పోకూడదు అని డాక్టరు చెప్పి నల్ల కళ్లద్దాలు పెట్టి పంపాడు. అంటే ఆవిడ తిండి పూర్తిగా నా చేతిలో పడింది. తలుచుకుంటే ఇప్పటికీ జాలేస్తుంది.

ఆ రోజు ఫోనులో ఒక వీడియో చూశాను. ఎవరో విదేశీ అమ్మాయి, తెల్లటి వంటిల్లు, రెండంటే రెండు గిన్నెలు, ఒక చెక్క గరిట. పాలు, పెరుగు, నెయ్యి, గుడ్లు ముట్టదు. బాదంపిండితో బిస్కెట్లు చేసుకుని కిటికీ పక్కన కూర్చుని ప్రశాంతంగా తింటుంది. తల తిప్పి నా వంటిల్లు చూసుకున్నాను. నా అశాంతికి కారణం ఇరవై రెండు స్టీలు డబ్బాలేనని తేలిపోయింది.

సాయంత్రానికల్లా వంటింట్లో సగం సామాను మూడు గోతాల్లోకి ఎక్కించి అటక మీద పడేశాను. అవి ఏటా మా అన్నయ్య కారానికి మిరపకాయలు వేసి పంపే గోతాలు. దులపాలన్న ఆలోచనే రాలేదు. ఎత్తుతూ పదకొండుసార్లు తుమ్మాను. మనసు శుభ్రపడుతోందనుకున్నాను.

మర్నాడు పొద్దున అత్తగారికి పాలు పోయని నల్లటి టీ డికాక్షన్ గ్లాసు అందించి, ఇక నుంచి నేను వీగన్‌నని ప్రకటించాను. అంటే ఏమిటో పావుగంట వివరించాను. గేదె దగ్గర్నుంచి భూగోళం దాకా దేన్నీ వదల్లేదు. ఆవిడ ఓపిగ్గా విన్నారు.

"శ్రమకాలం కదా, తీర్మానం చేసుకున్నావా అమ్మాయ్?" అన్నారు.

ఈస్టరుకి ఇంకా రెండు వారాల పైనే ఉంది. పండక్కి ముందు వచ్చే ఆ శ్రమకాలం నలభై రోజులూ మావాళ్లలో ఒకరు మాంసం మానతారు, ఒకరు టీ మానతారు. నేను పుట్టి బుద్ధెరిగాక ఏదీ మానలేదు. అది కాదు అత్తయ్యా, ఇది వేరే అని చెప్పాల్సింది. కానీ ఆవిడ గొంతులో నా పెళ్లయిన పాతికేళ్లలో ఎప్పుడూ వినని మెచ్చుకోలు వినిపించింది. తల అటూ ఇటూ కాకుండా ఊపాను.

మధ్యాహ్నానికి ఒంగోలు, రేపల్లె, బాపట్ల బంధువులందరికీ సంగతి తెలిసిపోయింది. ఆదివారం గుడి లేక ఫోనులోనే ప్రార్థన పెట్టుకున్నాం. అందులో పాస్టరుగారు, "మన సంఘంలో ఒక సహోదరి ఈ కష్టకాలంలో పాలు, పెరుగు కూడా విడిచిపెట్టింది" అని నా కోసం ప్రత్యేకంగా ప్రార్థించారు. నేను కళ్లు మూసుకుని వినయంగా కూర్చున్నాను. ఆ వినయం ఎవరికీ కనిపించదు కదా అని కాస్త బాధ కూడా వేసింది.

ఐదో రోజుకి పెరుగు కలలోకి రావడం మొదలైంది. గడ్డ పెరుగు, మీద మీగడ, పక్కన ఆవకాయ ముక్క. ఏడో రోజు పొద్దున ఎదురింటావిడ తలుపు కొట్టాను. వాళ్లకి ఇంకా గేదె పాలు వస్తున్నాయి.

"మా కరివేపాకు మొక్క వాడిపోయిందండీ. పెరుగు ఉంటే కాస్త ఇస్తారా, పలచగా చేసి పోస్తాను" అన్నాను.

"అయ్యో, పుల్ల మజ్జిగ పోయాలి కదండీ. ఇది నిన్న తోడేసింది, తియ్యగా ఉంది. రేపటికి పులవనిచ్చి ఇస్తాను."

"పర్లేదండీ. మా మొక్కకి తియ్యటిదే పడుతుంది."

వృక్షశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసిన మనిషిని. ఆ మాట అనడానికి సిగ్గు పడలేదు. వెనక బాల్కనీలో వాషింగ్ మెషీన్ చాటున నిలబడి, అన్నం కూడా లేకుండా, చేత్తో తిన్నాను. మిగిలింది మర్నాటికని సబ్బుపొడి డబ్బా వెనక దాచాను. ఆ తర్వాత రోజూ మా మొక్క పెరుగు తాగుతూనే ఉంది. పాపం ఎదురింటావిడ, "ఎలా ఉందండీ మొక్క?" అని అడిగేది. కోలుకుంటోందని చెప్పేదాన్ని.

ఇంత చేశాక కనీసం బిస్కెట్లయినా చేయాలి కదా. మా కాలేజీ వాట్సాప్ గ్రూపులో ఫోటో పెడతానని మాట కూడా ఇచ్చేశాను. పొద్దున షాపులు తెరిచే ఆ కాసేపట్లో ముక్కుకు గుడ్డ కట్టుకుని కిరాణా కొట్టుకి వెళ్లాను. బాదంపిండి లేదు. ఓట్స్ ఉన్నాయా అంటే, "అటుకులున్నాయి మేడమ్, ఇమ్మంటారా?" అన్నాడు. చివరికి గోధుమపిండి, వేరుశనగ పప్పు, బెల్లం, తినే సోడా తెచ్చుకున్నాను. ఓవెన్ లేదు కాబట్టి కుక్కర్లో ఉప్పు పోసి, గాస్కెట్టు, విజిలు తీసేసి, లోపల పళ్లెం పెట్టి కాల్చాను.

మొదటి వాయి గట్టిపడి పళ్లేన్ని వదల్లేదు. అట్లకాడతో ఊడదీసి ఒకటి అత్తగారి చేతిలో పెట్టాను. ఆవిడ వేళ్లతో తడిమి చూశారు.

"ఇదేందమ్మాయ్, పలక ముక్కా?"

"బిస్కెట్ అత్తయ్యా."

ఆవిడ దాన్ని బల్ల అంచుకి కొట్టారు. బల్లకే గీత పడింది.

పప్పు మెత్తగా పొడి కాలేదు, అందుకే ఇలా అయిందని తేల్చుకున్నాను. పొడిగొట్టే చిన్న జారు అటక మీద గోతంలో ఉంది. సరళ జీవితంలోంచి దాన్ని బయటికి లాగి, పైపైన కడిగి, మళ్లీ పప్పు తిప్పాను. రెండో వాయి చక్కగా పొంగింది. ఎర్రటి మెరుపు కూడా వచ్చింది. బెల్లం రంగనుకున్నాను. ఫోటో తీసి గ్రూపులో పెట్టాను. పెట్టాక అత్తగారికి ఒకటిచ్చాను.

ఆవిడ సగం కొరికి, నమిలి, ఆగి, ఒక్కసారిగా దగ్గడం మొదలుపెట్టారు. జారు మూత రబ్బరు సందులో మిరపకాయల గోతం దుమ్ముంది. గుంటూరు కారం. ఆవిడ మొహం ఎర్రబడింది. నల్ల కళ్లద్దాల కింద నుంచి నీళ్లు కారుతున్నాయి. గట్టిగా దగ్గకూడదన్న డాక్టరు మాట గుర్తొచ్చి గబగబా గ్లాసుతో నీళ్లు తెచ్చాను.

"నీళ్లు తాగండి అత్తయ్యా!"

తాగారు. తగ్గలేదు. "పెరుగు... కాస్త పెరుగుంటే..." అన్నారు దగ్గుల మధ్య.

నేను ఒక్క క్షణం ఆగాను. ఆ క్షణం గురించి ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు రాస్తున్నాను. తర్వాత బాల్కనీలోకి పరిగెత్తి, సబ్బుపొడి డబ్బా వెనక నుంచి గిన్నె తెచ్చి ఆవిడకి తినిపించాను. రెండు చెంచాలు లోపలికి వెళ్లాక దగ్గు ఆగింది. కంటాసుపత్రికి ఫోన్ చేశాను. నర్సమ్మ అన్నీ అడిగి, నొప్పి లేకపోతే భయం లేదు, చుక్కలు వేస్తూ ఉండండి అంది. "ఏం తిన్నారు?" అని అడిగింది. బిస్కెట్ అన్నాను. "బిస్కెట్టా?" అని రెండుసార్లు అడిగింది.

ఫోన్ పెట్టేసి వచ్చేసరికి అత్తగారు గిన్నె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

"ఈ పెరుగు ఎక్కడిది అమ్మాయ్?"

అంతా చెప్పాను. తీర్మానం లేదు, ఏమీ లేదు, వీడియో చూశానని. మొక్క సంగతి కూడా చెప్పాను. నాకు ఏడుపొచ్చింది.

"ఏడవబాకు. నేను కూడా చెప్పేదుంది. నాకా నల్ల నీళ్లు పడవు. పొద్దునే తల పగిలిపోద్ది. నువ్వు దేవుడి కోసం మానేసి కూర్చుంటే, నీ ఎదురుగా నేను పాల టీ అడిగితే ఏం బాగుంటదని ఊరుకున్నా."

అప్పటిదాకా నా ఉపన్యాసాలకి మారిపోయారనుకున్నాను. ఆవిడ నా తోడుగా మానేశారు. నేను ఆవిడ వెనక పెరుగు తిన్నాను.

"ఎదురింటికి పోయి పాలు అడుగు. మొక్కకని చెప్పబాకు," అన్నారు. అంతే, నవ్వు ఆపుకోలేకపోయారు. మళ్లీ దగ్గు వస్తుందేమోనని నాకు భయం.

ఈస్టరు ముందురోజు మూడో వాయి ఆవిడ కుర్చీలో కూర్చుని చేయించారు. పప్పు వేయించి పొట్టు ఊదమన్నారు, నువ్వులు కలపమన్నారు, బెల్లం పాకం తీగ సాగకముందే దించమన్నారు. ఈసారి కొరికితే విరిగాయి. చుక్క పాలు లేని ఆ బిస్కెట్లని ఆవిడ చిక్కటి పాల టీలో ముంచుకుని తిన్నారు.

పండగనాడు ఫోను ప్రార్థనలో పాస్టరుగారు నా తీర్మానం గురించి అందరికీ సాక్ష్యం చెప్పమన్నారు. తప్పించుకోవడానికి లేదు, అత్తగారు పక్కనే ఉన్నారు. సబ్బుపొడి డబ్బాతో సహా చెప్పేశాను. చెప్పాక ఎవరూ మాట్లాడలేదు. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి. అందరూ మ్యూట్‌లో ఉన్నారని తర్వాత తెలిసింది. చివరికి బాపట్ల పెద్దమ్మ గొంతు వచ్చింది.

"అది సరేగానీ, ఆ బిస్కెట్లకి పాకం ఎంత పట్టాలే?"

నేను గొంతు సవరించుకుని చెప్పబోయాను. అత్తగారు నా చేతిలోంచి ఫోను లాక్కున్నారు.

"దాన్ని అడగబాకు అక్కా. నేను చెప్తా, రాసుకో."