పచ్చ కాదు

రాళ్లకు సానపట్టే ఆయనకు ఎడమకన్ను ఎప్పుడూ సగం మూసే ఉంటుంది. భూతద్దంలోంచి చూసీ చూసీ ముఖం అలాగే స్థిరపడిపోయింది. దుకాణానికి వచ్చినవాళ్లు అద్దాల పెట్టెలోని ఆకుపచ్చ రాయిని చూసి "ఈ పచ్చ ఎంతండీ?" అనడమే ఆలస్యం, ఆయన మెడ మీద నరం ఉబ్బుతుంది. "పచ్చ కాదండీ, గార్నెట్." "గార్నెట్ ఎర్రగా కదండీ ఉండేది?" "ఆకుపచ్చవీ ఉంటాయి!" రోజూ ఇదే గొడవ. చెప్పి చెప్పి నోరు పడిపోతున్నా, ఆ రాయిని మరో పేరుతో అమ్మిన పాపాన పోలేదు.

మొన్న అక్క ఇంట్లో భోజనాలప్పుడూ ఆ నోరు ఊరుకోలేదు. ఆయన రాయి సానపట్టి చేయించి ఇచ్చిన ఉంగరాన్ని అక్క తన ఆడపడుచుకు చూపిస్తూ, "మా తమ్ముడు చేయించిన పచ్చ" అని మురిసిపోతోంది. "పచ్చ కాదక్కా, గార్నెట్. ఎన్నిసార్లు చెప్పాలి నీకు!" అన్నాడు విసుగ్గా. "అదేమిటి వదినా, పచ్చ కాదా?" అంటూ ఆడపడుచు మూతి మూడు వంకర్లు తిప్పింది. అక్క ముఖం మాడిపోయింది. లేచి వంటింట్లోకి వెళ్లిపోతే, ఆయనా వెనకే వెళ్లాడు. "పచ్చ కంటే ఇదే అరుదక్కా. ఇలాంటిది నా చేతికి రావడానికి ఏళ్లు పట్టింది, తెలుసా?" అక్క గరిటె గిన్నెలో విసిరేసింది. "ఆ ముక్క ఆవిడ ముందే చెప్పి ఏడవొచ్చుగా! కాదు, కాదు అని అక్కడే ఆగిపోతావేంరా? కాదన్నాక మిగతాది ఎవరు వింటారు?" అవతలి గదిలో ఆడపడుచు ఎవరితోనో ఏదో చెప్పి నవ్వుతోంది. అక్క ఉంగరం రాయిని అరచేతివైపుకు తిప్పుకుని, మంచినీళ్ల గ్లాసులు తీసుకుని బయటికి నడిచింది.