జేబు గడియారం మీద పసుపు

మా తాత దొంగ కాడని నిరూపించడానికి నాకు యాభై రెండేళ్లు పట్టింది. అందులో ఒక్క పూట తప్ప మిగతాదంతా నేను ప్రయత్నమే చేయకపోవడం వల్ల గడిచిపోయింది, అది వేరే సంగతి.

తాత అంటే మా అమ్మ వాళ్ల నాన్న. వరంగల్‌లో జంపఖానాలు నేసేవాడు. పోతూ పోతూ ఒక్కగానొక్క కూతురికి ఒక జేబు గడియారం వదిలిపోయాడు. నాకు తెలిసి అదెన్నడూ నడవలేదు. బరువు మాత్రం రోకలిబండకు అన్న. మగ్గం మీద బతికే మనిషికి అంత గడియారం ఎక్కడిది? తాత ఎవరికీ, అమ్మకు కూడా, చెప్పలేదు. జవాబు మా చిన్నాయన దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉండేది.

"మా వదినోళ్ల నాయిన నెక్కొండ టేషన్ల రైలు గార్డు జేబుల చెయ్యి పెట్టిండు, గడియారమొచ్చింది. ఇంకో జేబుల పెడితే రైలే వచ్చేది."

వదినను ఆటపట్టించడం మరిది హక్కు. అందరం నవ్వేవాళ్లం, అమ్మ కూడా. మొన్న మా అన్న కూతురి నిశ్చితార్థంలో చిన్నాయన కొత్త వియ్యాలవారి ముందు అదే కథ ఎత్తుకున్నాడు. అమ్మ నవ్వింది. ఆ తర్వాత అన్నం ముట్టలేదు. అడిగితే "ఆకలైతలేదు" అంది. మా అమ్మకు ఆకలి కాకపోవడమంటే వరంగల్ కోట లేచి హన్మకొండకు నడిచిపోవడమే.

తెల్లారి గడియారం పట్టుకుని ఊరి మీద పడ్డాను. మొదటి దుకాణం వాడు సెల్లు మార్చాలన్నాడు. రెండోవాడు దాన్ని ముట్టుకోనే లేదు. "ఏదన్న పూజల పెట్టిందా సార్?" అని వెనక్కి జరిగాడు. చివరికి స్టేషన్ దగ్గరి సందులో, గడియారాన్ని కనిపెట్టినప్పుడు పక్కనే కూర్చున్నట్టున్న ముసలి సాయిబు దొరికాడు. కంటికి భూతద్దం బిగించి వెనక మూత చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"ఇది గడియారమా సాబ్, గడపనా?"

తప్పు మాదే. నేత ఇళ్లలో దసరాకు మగ్గానికీ, పనిముట్లకూ పసుపు కుంకుమ పెడతారు. పొద్దు తెలిపేది కదా అని తాత గడియారాన్నీ ఆ వరుసలో కూర్చోబెట్టాడు. మగ్గం పోయినా అమ్మ ఆ పద్ధతి విడవలేదు. తడి తగిలితే పాడవుతుందని పాతది కడగలేదు, ఏటా కొత్తది అద్దింది. ఎనుమాముల మార్కెట్‌కు వచ్చిన పసుపులో సగం ఆ మూత మీదే ఉందని నా అంచనా.

సాయిబు పెట్రోలులో పళ్ల బ్రష్షు ముంచి పొరలు పొరలుగా తవ్వాడు. అడుగున ఉర్దూ అక్షరాలు తేలాయి. వేలు పెట్టి చదివాడు.

"నా బిడ్డ షాదీకి చెప్పిన దినానికే జంపఖానా నేసి తెచ్చిన కారీగర్‌కు తోఫా. రైలు గార్డు, నెక్కొండ."

కారీగర్ అంటే పనివాడు, మా తాత; తోఫా అంటే బహుమతి. చిన్నాయన చెప్పిన గార్డు నిజమే, జేబు నిజమే. చెయ్యే తారుమారైంది. తాత చెయ్యి గార్డు జేబులోకి పోలేదు, గార్డు చెయ్యే తాత జేబులోకి వచ్చింది.

అంబారీ ఎక్కినట్టు ఆటో ఎక్కి ఇంటికొచ్చి చెప్పాను. అమ్మ అక్షరాలను చాలాసేపు తడిమింది.

"మా నాయిన మంచితనాన్ని ఇన్నేండ్లు నేనే పూసి కప్పిన" అంది. కళ్లు తుడుచుకుని, "మీ చిన్నాయనను పిలువు. ఉర్దూ బడిల చదివిండు గద. వియ్యాలోళ్లను గూడ రమ్మను."

సాయంత్రం అందరూ చేరాక గడియారం చిన్నాయన చేతిలో పెట్టింది. "జర ఇదేందో చదువు మరిదీ."

చిన్నాయన కళ్లద్దాలు సర్దుకుని, పండితుడిలా గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. 'కారీగర్' దగ్గరికొచ్చేసరికి గొంతు సన్నబడింది. 'తోఫా' మీసాల్లోనే ఆగిపోయింది.

"జర గట్టిగ చదువు. ఇనబడ్తలేదు" అంది, నాలుగిళ్ల అవతలి కుక్కర్ విజిళ్లు లెక్కపెట్టే మా అమ్మ.

రెండోసారి చదివాడు. వియ్యపురాలు అమ్మ చెయ్యి పట్టుకుంది.

"తప్పైంది వదినా" అన్నాడు చిన్నాయన.

"అది సరే. ఇంకోసారి చదువు."

మూడోసారి, ఎవరూ చెప్పకుండానే, లేచి నిలబడి చదివాడు.